మామయ్యగారి కాటాలో నా బరువు

పిల్లకు పాలిస్తుండగా దగ్గు వచ్చింది. వారం పది రోజులుగా వస్తూ పోతూ ఉన్న దగ్గే. ఆ మధ్యాహ్నం మాత్రం పట్టుకొని వదల్లేదు. ఒళ్ళో పిల్ల ఎగిరెగిరి పడి, పాలు వదిలేసి, నా ముఖంలోకి చూసి బావురుమంది. దగ్గు తగ్గాక దాన్ని భుజాన వేసుకొని లేవబోయాను. లేవలేకపోయాను. అయిదు నెలల పిల్ల ఏం బరువుంటుంది చెప్పండి! నా చేతులు మాత్రం రుబ్బురోలు ఎత్తుతున్నట్టు వణికాయి. ఇది ఊరికే పోయే దగ్గు కాదని నాకు ఆ రోజే అనిపించింది.

మా అత్తయ్యకు అనిపించలేదు. "బాలింత దగ్గు. నీ మొగుడు పుట్టినప్పుడు నేనూ దగ్గాను. శొంఠి కషాయం పుచ్చుకో, చెవులకి గుడ్డ కట్టుకో" అంది. మా తిరువూరు బజార్లో ఆవిడ వైద్యానికి ఎదురు చెప్పినవాళ్ళు లేరు. నేనూ చెప్పలేదు. కషాయం తాగాను, గుడ్డ కట్టుకున్నాను. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. తెల్లవారుజామున చెమటలు పోసి పక్కంతా తడిసేది. రవికలు వదులైతే నేనే సూదీ దారం తీసుకొని బిగించుకున్నాను, మళ్ళీ వదులయ్యాయి. ఒకనాడు ఉమ్మితే ఎర్రటి చార కనిపించింది. అది చూశాక మా ఆయనతో చెప్పాను.

మా ఆయన పెద్ద మాటకారి కాదు. కొట్టు తాళాలు తండ్రి చేతిలో పెట్టి, "రేపు బెజవాడ వెళ్ళొస్తాం" అన్నారు. అంతే. అత్తయ్య ఏదో అనబోతే విననట్టే లోపలికి వెళ్ళిపోయారు.

బెజవాడలో ఎక్స్‌రే తీశారు, కఫానికి స్పుటం పరీక్ష చేశారు. పెద్ద డాక్టరుగారు ఫిల్ము వెలుతురుకి ఎత్తి చూపించారు. "లెఫ్ట్ లంగ్ పైభాగంలో పాచ్ ఉందమ్మా. స్పుటం పాజిటివ్. టి.బి." అన్నారు. "భయపడకండి. ఇదివరకటి రోజులు కావు. మందులొచ్చాయి. ఇప్పుడిది చావు జబ్బు కాదు, ఓపిక జబ్బు" అని, కాగితం రాస్తూ తల ఎత్తకుండానే అడిగారు: "చంటిపిల్ల ఉందా?"

ఉందన్నాను.

"ఇవాళ్టినుంచి దగ్గరికి తియ్యకూడదు. పాలు ఇవ్వకూడదు. వేరే ఇంట్లో ఉంచితే మంచిది."

తిరుగు బస్సులో ఎ.కొండూరు దాటుతుండగా పాలు చేపుకొచ్చి రవిక తడిసిపోయింది. పిల్ల ఆకలివేళ అది. పైట చుట్టూ కప్పుకొని కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. మా ఆయన చూసి కూడా చూడనట్టు కూర్చున్నారు. ఏం చెయ్యగలరు పాపం?

మర్నాడు పెనుగొలను నుంచి మా అక్క వచ్చింది. వాళ్ళకు అక్కడ చిన్న కిరాణా కొట్టు. అక్కకి ముగ్గురు పిల్లలు, చేతినిండా పని. అయినా కబురు అందగానే బండి కట్టించుకొని వచ్చి నా పద్మని తీసుకెళ్ళింది. పిల్లని నా చేత్తో ఇవ్వలేదు. అత్తయ్య వీధిలో ఇచ్చింది, నేను మేడగది కిటికీలోంచి చూశాను. బండి మలుపు తిరిగేదాకా అక్క తల వెనక్కి తిప్పి నావైపే చూస్తూ ఉంది.

ఆ మేడగదే నాకు ఆసుపత్రి అయింది. మా ఊరి డాక్టరుగారు బెజవాడ కాగితం ప్రకారం వైద్యం మొదలుపెట్టారు. స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు కాంపౌండరు వచ్చి వేసేవాడు. పాస్ అనే పొడి గ్లాసుల కొద్దీ మింగాలి. దాని సంగతి తిన్నవాళ్ళకే తెలుసు, కడుపులో దేవినట్టు తిప్పేది. ఐ.ఎన్.హెచ్. బిళ్ళలు వేరే. గుడ్లు తినమన్నారు డాక్టరుగారు. "మా ఇంట్లోకి కోడి ఈక కూడా ఎగిరి రాదండీ!" అని అత్తయ్య చెంపలు వేసుకుంది. సరే, పాలు, నెయ్యి, వేరుశనగ ఉండలు, కందిపప్పు అన్నారాయన. అత్తయ్య పూనకం వచ్చినట్టు వండి పైకి పంపేది. నోరు పెద్దదే కాని ఆవిడ చెయ్యి చల్లనిది.

కొన్నాళ్ళకు చెవుల్లో గంటలు మోగడం, లేస్తే నేల తూలడం మొదలయ్యాయి. ఇంజెక్షన్ వల్ల వస్తుందని చెప్పి డాక్టరుగారు వారానికి రెండు చేశారు. ఆ రోజే ధైర్యం చేసి అడిగాను. "పిల్లని ఎప్పుడు తెచ్చుకోవచ్చండీ?"

"మూడు కావాలమ్మా. స్పుటం వరసగా నెగటివ్ రావాలి. ఎక్స్‌రేలో పాచ్ మానుతున్నట్టు కనిపించాలి. మీ బరువు వంద పౌన్లకి చేరి నిలవాలి. ఆ తర్వాత నిరభ్యంతరంగా తెచ్చుకోండి."

మొదటి రెండూ నా చేతిలో లేవు. మూడోది నా నోట్లో ఉంది కదా అనుకున్నాను. కడుపు వద్దంటున్నా తిన్నాను. కక్కితే మళ్ళీ తిన్నాను.

డాక్టరుగారి దగ్గర మద్రాసు నుంచి తెప్పించిన తూకపు మిషన్ ఉండేది. పీటంత ఉంటుంది. ఎక్కి నిలబడితే కాళ్ళ దగ్గర అద్దంలో అంకెలు తిరుగుతాయి. దొరలు స్నానాల గదిలో పెట్టుకుంటారట. "స్నానాల గదిలో ఎందుకే? మురికి ఎంత పోయిందో చూసుకోడానికా?" అంది అత్తయ్య. మొదటిసారి ఎక్కితే ఎనభై నాలుగు చూపింది. తర్వాత ఎనభై ఎనిమిది, ఆ తర్వాత తొంభై ఒకటి. అది దిగి మేడకు వచ్చిన ప్రతిసారీ, ఇంకెన్ని పౌన్లయితే నా పిల్ల నా ఒళ్ళో ఉంటుందో అనుకుంటూ పడుకునేదాన్ని.

అక్క వీలైనప్పుడల్లా పద్మని తెచ్చి ఎదురింటి అరుగుమీద నిలబడేది. "అదుగో కిటికీలో అమ్మ! అమ్మ చూడు!" అని వేలు చూపించేది. పిల్ల ఎద్దుల్ని చూసేది, కాకుల్ని చూసేది, ఎప్పుడో ఒకసారి నన్నూ చూసేది. బోర్లపడిందని, పాకుతోందని, రెండు పళ్ళు వచ్చాయని అక్క వీధిలోంచి అరిచి చెప్పేది. బజారంతా వినేది. సిగ్గెక్కడిది, నేనూ పైనుంచి అరిచి అడిగేదాన్ని. జుట్టు నూనె వాసన వేస్తోందా, నిద్రలో వేలు చీకుతోందా, ఏవేవో అడిగేదాన్ని. వెళ్ళిపోయాక రెండు చేతులూ ఊరికే ఒళ్ళో పెట్టుకొని కూర్చునేదాన్ని. తీపు పెట్టేవి.

అలా ఉండగా ఒక ఉదయం తూకానికి వెళ్ళాను. డాక్టరుగారు ఏదో ఊరు వెళ్ళారు, కాంపౌండరే తూచాడు. ఎనభై ఏడు! నాలుగు పౌన్లు తగ్గింది. నా ఏడుపు చూడలేక మా ఆయన మధ్యాహ్నం భోజనమయ్యాక మళ్ళీ తీసుకెళ్ళారు. ఈసారి తొంభై మూడు.

ఒకే రోజున, ఒకే మనిషి, ఒకే మిషన్! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా మామయ్యగారికి మాత్రం తెలిసింది. ఆయనకి నిప్పులాంటి కోపం వచ్చింది.

"పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి చెప్పేది కాటా కాదురా, సోది! దానిమీద నిలబెట్టి బిడ్డ తల్లిని ఏడిపిస్తారా? మన కాటా లేదూ? ఏటా సర్కారు ముద్ర పడే కాటా! అమ్మాయిని మనమే తూచి డాక్టరుగారికి చెబుదాం."

మా మామయ్యగారి తూకమంటే చుట్టుపక్కల ఊళ్ళలో పేరు. ఆయన కొట్టులో తూకం మళ్ళీ తూచుకున్నవాడు లేడు. ఆయన మాటకి మా ఆయన తల ఊపారు. నేనూ సంతోషించాను. ఇక ఆ స్నానాల గది మిషన్ పీడ వదిలిందనుకున్నాను.

మిరపకాయ బస్తాలు తూచే పెద్ద కాటా కొట్టు వెనక వసారాలో దూలానికి వేలాడేది. రెండు వైపులా గొలుసులతో చెక్కపళ్ళేలు. నెలకొకసారి, కొట్టు తెరవకముందు, అత్తయ్య కూలీలందర్నీ బయటికి తోలి తలుపు వేసేది. నేను ఒక పళ్ళెంలో బాసింపట్టు వేసుకొని కూర్చునేదాన్ని. రెండోదాంట్లో మామయ్యగారు ఇనపరాళ్ళు పెట్టేవారు. కోడలి వైపు చూడకూడదని ముఖం పక్కకి తిప్పుకొని, కళ్ళు పైనున్న ముల్లు మీదే ఉంచేవారు. వంద పౌన్లంటే మా లెక్కలో ఇంచుమించు నాలుగు మణుగులు. మణుగుకి ఎనిమిది వీశెలు. ఆయన తూచి, మూడు మణుగుల అయిదు వీశెలు అనేవారు. చీరె, రవిక, గాజులకని మళ్ళీ ఒక వీశె తీసేసేవారు. "గోనెకి తరుగు తియ్యమూ? ఇదీ అంతే. డాక్టరుగారికి నికరం చెప్పాలి" అనేవారు. అత్తయ్య నామీద ఉప్పు తిప్పి, దిష్టి తీసి, పైకి పంపేది.

మా ఆయన దాన్ని పౌన్లలోకి మార్చి డాక్టరుగారికి చెప్పి వచ్చేవారు. స్పుటం నెగటివ్ వచ్చింది. మళ్ళీ నెగటివ్ వచ్చింది. బెజవాడ ఎక్స్‌రేలో పాచ్ మానుముఖం పట్టిందన్నారు. మిగిలింది బరువు ఒక్కటే. అదేం మాయో, మా కాటామీద నేను నాలుగు మణుగుల గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాను. వానాకాలం వచ్చింది, పోయింది. వరికోతలు అయ్యాయి. ప్రతిసారీ డాక్టరుగారి నుంచి ఒకటే కబురు: "ఇంకొంచెం ఆగమనండి."

ఇటు నా రవికలు బిగుతై కుట్లు విప్పుకున్నాను. బుగ్గలు నిండాయి. మరి కాటా ఎందుకు ఒప్పుకోదు? నా ఒంట్లో ఇంకేదో రోగం ఉందనుకున్నాను. పిల్లని చూసే రాత నాకు లేదనుకున్నాను. ఒకసారి అక్క ఎదురరుగు మీంచి, "నడుస్తోందే! నిన్న మా కొట్లో ఆవాల బస్తా పట్టుకొని లేచి రెండడుగులు వేసింది!" అని అరిచింది. పిల్లని అక్కడే నిలబెట్టి నడిపించబోయింది. బజారు సందడికి బెదిరి అది నడవలేదు, అక్క కాళ్ళకి చుట్టుకుపోయింది. ఆ రోజు నేను అన్నం ముట్టలేదు. తిట్టవలసినవాళ్ళు ఎవరూ లేక దేవుణ్ణి తిట్టాను.

తర్వాత కొద్దిరోజులకే జరిగింది ఇది. ఎండలో కూర్చుందామని మేడ వెనకవైపుకి వెళ్ళాను. కింద వసారాలో మామయ్యగారు పెద్ద కాటాతో బెల్లం తూస్తున్నారు. కొనుక్కునే రైతు, "మొగ్గు చూడండి శెట్టిగారూ" అన్నాడు.

"మా కాటాలో మొగ్గు అడగాలటయ్యా?" అని మామయ్యగారు ఇంకో బెల్లపు దిమ్మ వేశారు. బెల్లం ఉన్న పళ్ళెం కిందికి దిగి దాదాపు నేలకి ఆనింది. రాళ్ళ పళ్ళెం పైకి లేచింది. రైతు సంతోషంగా బస్తా కట్టుకున్నాడు.

చూస్తూ ఉన్నాను. నేను కూర్చున్న పళ్ళెం కూడా అంతే! ప్రతిసారీ నా పళ్ళెం ఇంకా కిందికి దిగి ఉండగానే ఆయన రాళ్ళు వెయ్యడం ఆపి అంకె చెప్పేవారు. ముల్లు నడిమికి వచ్చి నిలిచిన తూకం మా ఇంట్లో లోభి తూకం కింద లెక్క. సరుకు వైపు మొగ్గితేనే ధర్మం. బెల్లానికి అది ధర్మమే. కాని ఆ మొగ్గు బరువంతా నాది కదా, రాళ్ళ లెక్కలోకి రాదు కదా! దానిమీద మళ్ళీ చీరెకి తరుగు!

అంతవరకు నేను మామయ్యగారితో ఎదురుపడి మాట్లాడి ఎరగను. మా ఇళ్ళల్లో కోడళ్ళు తలుపు చాటునుంచే మాట్లాడతారు. ఆ రోజు గబగబా మెట్లు దిగి వసారాలోకి వెళ్ళి నిలబడ్డాను.

"మామయ్యగారూ, నన్నూ బెల్లం తూచినట్టే తూచారండీ."

ఆయన తెల్లబోయారు. "ఏంటమ్మాయ్?"

"నా పళ్ళెం కిందికి దిగేది. ముల్లు నడిమికి రానిచ్చారా ఎప్పుడైనా?"

అత్తయ్య వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, "ఏమే, పెద్దాయనతోనా ఆ మాటలు!" అని కసిరింది. మామయ్యగారు చెయ్యెత్తి ఆవిడని ఆపారు. కాటా వైపు చూశారు. తూకాలతోనే ముసలి అయిన మనిషి, ఆయనకి విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. ముఖం పాలిపోయింది.

"ఇన్నేళ్ళలో ఒక్కడికి తక్కువ తూచలేదే నేను!"

"తక్కువ తూచింది నన్నొక్కదాన్నేనండీ" అన్నాను. అని ఏడ్చేశాను.

ఆయన కండువా వేసుకొని చెప్పులు తొడుక్కున్నారు. "పద, డాక్టరుగారి దగ్గరికి" అన్నారు.

డాక్టరుగారు అంతా విన్నారు. ఆ ఒక్క రోజున రెండు తూకాలు వచ్చిన సంగతి ఆయనకి అప్పుడే తెలిసింది. కాంపౌండరుని పిలిచి అడిగితే, ఆ రోజు గదికి సున్నం వేస్తున్నారని మిషన్‌ని పొద్దున వరండాలో చాపమీద పెట్టానని, మధ్యాహ్నం బండలమీదికి మార్చానని చెప్పాడు.

"అదీ సంగతి! లోపల ఉన్నది స్ప్రింగ్, శెట్టిగారూ. కింద గట్టి నేల, చదునైన నేల ఉంటేనే అది సరిగా చెబుతుంది. చాపమీద మెత్తగా ఉండేసరికి తికమకపడింది. పైగా పొద్దున పరగడుపున ఎక్కారు, మధ్యాహ్నం భోంచేసి ఎక్కారు. చెంబెడు మజ్జిగ తాగినా అది బరువే కదా! ఒక కాలిమీద ఒరిగితే ఒక అంకె, బల్ల పట్టుకుంటే ఒక అంకె. ఎక్కకముందు సున్నా దగ్గర ఉందో లేదో చూడకపోతే అసలుకే మోసం."

"అయితే దాన్ని ఎట్లా నమ్మమంటారండీ?" అన్నారు మామయ్యగారు.

"ఒక్క తూకాన్ని నమ్మొద్దు. నేల, వేళ, బట్టలు అన్నీ ఒకేలా ఉంచి నెలనెలా తూచి, పెరుగుతోందా తగ్గుతోందా చూడండి. వంద పౌన్లని నేను చెప్పింది ఈ మిషన్ లెక్కన, కట్టుబట్టలతో. మీరు నాకు చీరె తరుగు తీసి పంపారా!" అని ఆయన నవ్వబోయి, నా ముఖం చూసి ఆపుకున్నారు.

సున్నా సరిచేసి, మిషన్‌ని బండమీద పెట్టించారు. ఎక్కాను. కళ్ళు మూసుకున్నాను.

"నూట మూడు" అన్నారు డాక్టరుగారు. "ఎప్పుడు దాటారో ఏమో! పిల్లని తెచ్చుకోండమ్మా."

మామయ్యగారు ఇంటికి కూడా రాలేదు. అటునుంచి అటే బండి మాట్లాడుకొని పెనుగొలను వెళ్ళారు.

మర్నాడు పొద్దెక్కాక బండి వచ్చి ఆగింది. నేను వీధి గుమ్మంలో నిలబడ్డాను. అక్క పద్మని దింపి, "అదుగో అమ్మ, వెళ్ళు" అని నన్ను చూపించింది. పద్మ నావైపు చూడలేదు. తల ఎత్తి మేడ కిటికీ కేసి చూసింది. ఖాళీగా ఉంది కిటికీ. వేలు పెట్టి అక్కడే చూపిస్తూ "అమ్మ" అంది. దానికి తెలిసిన అమ్మ అక్కడ ఉండేది మరి. నేను వంగి ఎత్తుకోబోతే గుక్కపట్టి ఏడ్చి అక్క దగ్గరికి పరుగెత్తింది. తప్పటడుగులు కూడా కావు. చక్కగా పరుగెత్తింది.

మామయ్యగారు బండి చక్రం దగ్గరే నిలబడిపోయారు. "ఒకరి సొత్తు చిటికెడు తినలేదనుకున్నానమ్మా ఇన్నాళ్ళూ. నీ బిడ్డ నడకలు తినేశాను" అన్నారు. అలా అనకండి అనాలి నేను. అక్క కుచ్చెళ్ళు పట్టుకున్న పద్మనే చూస్తున్నాను.

అక్క తన పిల్లల్ని కూడా రప్పించుకొని మా ఇంట్లోనే ఉండిపోయింది, పద్మ నాకు మాలిమి అయ్యేదాకా. మొదట నా చేతి అన్నం తిన్నది, తర్వాత నా పక్కన పడుకుంది. ఒకరోజు నిద్రలో నామీద కాలు వేసింది. తెల్లారేదాకా నేను కదల్లేదు.

ఇప్పుడు పద్మ బడికి వెళుతోంది. బడినుంచి రాగానే ఒళ్ళో కూర్చుంటుంది, కాళ్ళు నేలకి ఆనుతున్నా సరే. నేను బాగున్నాను. మందులు ఆపి చాలాకాలమైంది, ఎక్స్‌రేలో మచ్చ ఒకటి ఉంది, అది ఉంటుందట. కొత్తగా కిలోలు వస్తున్నాయని మామయ్యగారు రాళ్ళు మార్చే హడావిడిలో ఉన్నారు. మొగ్గు మాత్రం మానలేదు. మానొద్దని నేనే చెప్పాను, బెల్లం కొనేవాళ్ళకి అది ఉండాలి.

ఈ జబ్బు పడినవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. మీ బరువు మీరే వెళ్ళి డాక్టరు ఎదుట తూచుకోండి. ఒకే మిషన్, గట్టి నేల, పొద్దున పరగడుపు, ఎప్పుడూ కట్టే నూలుచీరె. ఇంట్లో ఎంత ధర్మాత్ములున్నా సరే, అంకె వాళ్ళ నోట పంపకండి.

అక్క ఎప్పుడు వచ్చినా, పనులయ్యాక నేను దాని పక్కన చేరతాను. పద్మ మొదట ఎలా నడిచిందో చెప్పమంటాను. ఆవాల బస్తా పట్టుకొని లేచిందే, ముందు కుడికాలు వేసిందే, నాకేసి చూసి నవ్విందే, పడబోయి నిలదొక్కుకుందే అని చెబుతుంది. ఎన్నిసార్లు చెప్పిందో పాపం, విసుక్కోదు. అయిపోగానే మళ్ళీ అడుగుతాను. "నవ్విందన్నావే, నీకేసి చూసేనా?"